సంపెంగ ముక్కుకి కొలబద్ద

తెలుగు కవుల్లో ముక్కు ఇంటిపేరుగా స్థిరపడిపోయినవాడు నంది తిమ్మన ఒక్కడే. పారిజాతాపహరణం రాసిన మహాకవి అయినా జనం నోట్లో ముక్కు తిమ్మనే. అందుకు ఒకే ఒక్క పద్యం కారణమంటారు. తుమ్మెద అన్ని పూల మీదా వాలుతుంది, సంపెంగ దగ్గరికి మాత్రం రాదు. ఆ చిన్నతనం భరించలేక సంపెంగ అడవికి పోయి తపస్సు చేసిందట, ఒక అందగత్తె ముక్కయి పుట్టిందట, అటొకటి ఇటొకటి తుమ్మెదల్లాంటి కళ్ళను పక్కన పెట్టుకుందట. ఆ పద్యం దొరికేది రామరాజభూషణుడి వసుచరిత్రలో. తిమ్మన దగ్గర ఆయన దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నాడని పండితుల మధ్య ఒక చాటుకథ చాలాకాలంగా తిరుగుతోంది. కథలో నిజమెంతో గాని, ఆడమనిషి ముక్కు మీద పద్యానికి బేరం కుదిరిందంటే విన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. ఆ సరుకుకి అంత గిరాకీ ఉండేది.

ముక్కొక్కటే కాదు. ప్రబంధంలో నాయిక అడుగుపెట్టగానే కవి ఆపాదమస్తకం లెక్క తీస్తాడు. ముఖం చంద్రుడు, కనుబొమలు విల్లు, కళ్ళు చేపలో కలువలో, పెదవి దొండపండు, పలువరస దానిమ్మ గింజలు, మెడ శంఖం, తొడలు అరటిబోదెలు. నడుము దగ్గరికొచ్చేసరికి అసలు ఉందో లేదో కవికే అనుమానం. మనుచరిత్రలో వరూధిని, వసుచరిత్రలో గిరిక, శృంగారనైషధంలో దమయంతి, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో గోదాదేవి. పేర్లు తారుమారు చేసి చదివినా చాలాచోట్ల పెద్ద తేడా రాదు. కుమ్మరి ఇంటి ఆడపడుచుగా పేరుపడ్డ మొల్ల కూడా సీతను వర్ణించాల్సి వచ్చినప్పుడు ఆ ఉపమానాలనే పైకి తీసింది. అలంకారశాస్త్రం అలా నేర్పింది, సభ అలా అడిగింది.

ఆ జాబితాలో చివరిది నడక. నడిస్తే హంసలా నడవాలి, లేదంటే ఏనుగులా. తడ, సూళ్ళూరుపేట వైపు వాళ్ళకి ఈ ఉపమానం కాస్త నవ్వు తెప్పించవచ్చు. చలికాలంలో పులికాట్ సరస్సు మీద వేలకొద్దీ దిగే ఫ్లెమింగోలను తెలుగులో రాజహంసలనే అంటున్నాం. కవి చెప్పిన హంస ఇది కాకపోవచ్చు, అయినా ఈ తీరం పిల్లలు కళ్ళారా చూసిన హంస ఇదే. పుల్లల్లాంటి పొడుగు కాళ్ళు, మధ్యలో వంగిపోయిన ముక్కు. లోతులేని నీళ్ళలో కాళ్ళతో బురద కలియదొక్కుతూ, తల తలకిందులుగా ముంచి, నీళ్ళు వడగట్టుకుని తింటుంది. ఆ గులాబి రంగు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. పిల్ల బూడిద రంగులో ఉంటుంది. తిన్న నాచులో, చిన్న చిన్న రొయ్యల్లో ఉండే రంగు పదార్థం ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే గాని ఈకలకు ఆ ఛాయ రాదు. సూళ్ళూరుపేటలో పక్షుల పండుగ పెట్టినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి చూసేది తిండి వల్ల వచ్చిన ఆ రంగునే.

రంగు సంగతి ఎత్తాం కాబట్టి నెల్లూరు కవి తిక్కన దగ్గర కాసేపు ఆగాలి. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న ఈ కవి చేతికి వచ్చిన భారతంలో నాయిక నల్లని మనిషి. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఒంటి రంగు వల్లనే వచ్చింది. అగ్నిలోంచి పుట్టిన ఆ నల్లపిల్ల స్వయంవరానికి దేశంలోని రాజులందరూ ఎగబడ్డారు. విరాటపర్వంలో ఆమె సైరంధ్రిగా పనికోసం వస్తే సుదేష్ణ పట్టుకున్న మొదటి సందేహం పనితనం గురించి కాదు. ఇంత అందగత్తెను ఇంట్లో పెట్టుకుంటే మొగుడు చేజారిపోడా అని రాణి బెంగ. కీచకుడి కథంతా ఆ నల్లని అందం మీదే నడుస్తుంది. అంటే తెల్లతోలు ఉంటేనే అందమన్న పట్టుదల మన పాత కావ్యాలన్నిటిలోనూ లేదు. అయితే ద్రౌపది ఉంది గదా అని మురిసిపోవడానికీ లేదు. తరవాతి కవులు ఆ దారి పట్టలేదు. ప్రబంధ నాయికలు వరసగా పసిడి బొమ్మలు, మెరుపు తీగలు. నలుపంతా దేవుళ్ళకి పంచేశారు. రాముడు నల్లన, కృష్ణుడు నల్లన, కొండమీద వెంకన్న నల్లన. పక్కనున్న అమ్మవార్లు మాత్రం బంగారు ఛాయ. రంగు తక్కువ పిల్లను ఓదార్చడానికి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వాడే నలుపు నారాయణ మెచ్చు అన్న సామెతలో కూడా మెచ్చుకోవడానికి నారాయణుడే దిగిరావాలి. పక్కింటి పెళ్ళికొడుకు మెచ్చుతాడని ఎవరూ అనలేదు.

ఇంత చెప్పినా, కావ్యాల మీద మోపాల్సిన నేరం చాలామంది అనుకునేంత పెద్దది కాదు. చంద్రబింబంలాంటి ముఖం కావాలని ఏ అత్తగారూ టేపు పట్టుకుని రాలేదు. లేని నడుము ఎవరికీ ఉండదని కవికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అది అతిశయోక్తి, సభలో వేసే ఒక ఆట. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ వర్ణనలో ఒక్కొక్క అంగం బతుకులోకి దిగి పరీక్షగా మారినచోట. పాతకాలపు పెళ్ళిచూపులు చూడండి. పిల్లను నాలుగడుగులు నడవమంటారు: కుంటుతుందేమోనని. జడ పట్టుకుని చూస్తారు: సవరం పెట్టారేమోనని. ఏదో ఒక కాగితం చదవమంటారు, పాట పాడమంటారు: కంటిచూపు ఆనుతుందో లేదో, నత్తి ఉందో లేదో తెలుసుకోవడానికి. కవి హంసనడక అని మురిసినచోట పెళ్ళివారు కాలి ఎముక చూశారు. కవి నల్లత్రాచు అన్న జడను పెళ్ళివారు లాగి చూశారు. పిల్ల కాస్త చామనఛాయ అయితే కట్నం మాట మరోసారి కదిలేది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఈ లెక్క ఆగలేదు. కాగితం మీంచి తప్పుకుని నోటిమాటగా నడుస్తోంది.

నిజంగానే కొలబద్ద పట్టుకున్నవాళ్ళు ఇంకొకరున్నారు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి కులాల వరస నిర్ణయించవచ్చన్నాడు. ముక్కు ఎంత చదునైతే సమాజంలో స్థానం అంత కింద అన్నది ఆయన సిద్ధాంతం. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కూడా దక్షిణాదిలో మనుషుల తలలూ ముక్కులూ కొలుస్తూ తిరిగాడు. 1909లో ఆయన ఏడు సంపుటాలుగా వేసిన గ్రంథంలో నెల్లూరు తీరం యానాదుల మీద పెద్ద వ్యాసమే ఉంది. శ్రీహరికోట అడవిలో కట్టె, తేనె, దుంప ఏరుకుని బతికే ఆ జనాన్ని గురించి తెల్లదొర మిల్లీమీటర్లలో ఆలోచిస్తున్నాడు. సంపెంగపువ్వు తపస్సు చేసి సంపాదించుకున్న ముక్కు ఈ పుస్తకాల్లో పట్టికలోకి ఎక్కింది. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు ఏ శాస్త్రవేత్తా పట్టించుకోడు. కోలముక్కు మంచి కుటుంబం గుర్తు, చప్పిడిముక్కు ఇంకో గుర్తు అన్న గుసగుస మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్యల దగ్గర మిగిలిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే విజయనగరంలో గురజాడ అప్పారావు ఈ వర్ణనల వ్యవహారాన్ని తిరగేశాడు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ అని పేరు పెట్టడంలోనే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. అంతకుముందు కవులకు పుత్తడి అంటే ఒంటి రంగు. గురజాడ చేతిలో అది ధర. తండ్రి డబ్బుకి ఆశపడి ముసలివాడికి కట్టబెట్టిన ఆ పిల్ల దుర్గ కొలనులో ప్రాణం తీసుకుంటుంది. ఆయన కన్యక కథ ఇంకో మెట్టు పైకెక్కుతుంది. గుడికి పోతున్న కోమటి పిల్ల మీద రాజు కన్ను పడుతుంది, కావాలంటాడు. ఆమె నిప్పుల్లో దూకుతుంది. ప్రబంధంలో అయితే ఈ రాజు చూపు దగ్గర ఒక శృంగార ఘట్టం మొదలయ్యేది. గురజాడ ఆ చూపును నేరంగా నమోదు చేశాడు.

గురజాడ వేసిన ఆ దారిలో తరవాతివాళ్ళు ఎక్కువ దూరం నడవలేదు. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి తరం వచ్చి స్త్రీ ఒంటి మీంచి కన్ను తిప్పి వెన్నెల మీదా, ఆకాశం మీదా పెట్టింది. అరటిబోదెలు, దొండపళ్ళు పోయాయి, సంతోషమే. వాటితోపాటు ఆకలి, చెమట, కోపం ఉన్న మనిషి కూడా పోయింది, ఊర్వశి మిగిలింది. కవయిత్రి జయప్రభ తరవాతెప్పుడో భావకవిత్వంలో స్త్రీ మీద ఒక విమర్శ పుస్తకమే రాసి ఈ సంగతి తేల్చింది. ఆ వెన్నెల గుంపులోకి 1925లో పుస్తకంగా వచ్చిన నండూరి సుబ్బారావు ఎంకి కాస్త భిన్నంగా నడిచివచ్చింది. పొలం పిల్ల, పల్లె మాట. పండితులు ఆ భాష చూసి ముక్కు చిట్లించారు. అయినా ఎంకి కూడా నాయుడు బావ కళ్ళతో చూసిన ఎంకే. నాయుడు బావ ఎలా ఉంటాడో ఎంకి పూటుగా చెప్పుకునే అవకాశం రాలేదు.

సినిమాపాట ఈ కథలో ఒక వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ ఒకటి రెండు మాటలే చాలు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయకు జనం మనసు కవి అని పేరు పెట్టారు. ఒంటి కొలతలతో నిండిపోయిన పాటల మార్కెట్‌లో మనసు మీద రాయడమే ఒక ప్రత్యేకత అనిపించుకుందన్నమాట. (అదే జనం ఆయన్ను బూత్రేయ అని కూడా అన్నారు, గీత రచయిత అన్నాక రెండు కలాలూ ఉంచుకోవాలేమో.) 2020లో రంగు వివక్షను నేరుగా కథావస్తువుగా చేసుకుని కలర్ ఫోటో వచ్చింది, జాతీయ అవార్డూ తెచ్చుకుంది. అందులో నల్లగా ఉన్నందుకు బాధపడేది అబ్బాయి. అమ్మాయి ఎప్పటిలాగే తెల్లన.

నలుపును డబ్బుగా మార్చుకున్న కథ 1975లో మొదలవుతుంది. ఆ ఏడు ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకి వచ్చింది. ఒక తరం ఆడపిల్లలు ఆ ట్యూబు పెట్టెతో పాటు వచ్చే ఛాయల పట్టీ పక్కన మొహం పెట్టి అద్దంలో చూసుకున్నారు. నలుపు నుంచి తెలుపుకి మెట్లు మెట్లుగా గీసిన ఆ కాగితం ముక్క ముందు తిమ్మన పద్యం ఎంత అమాయకమైనదో అనిపిస్తుంది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నల్లగా ఉన్నవాళ్ళను దిగులుగా, పెళ్ళికాని వాళ్ళుగా చూపకూడదంది. 2019లో ఆ ఛాయల పట్టీ పోయింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ఊపందుకున్నాక పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. షాదీ డాట్ కామ్ కూడా అదే ఏడు రంగును బట్టి వధువును వెతికే సౌకర్యం తీసేసింది. పేర్లు మారినంత తేలిగ్గా ముఖాలు బాగుపడలేదు. తెల్లబడతామని మందుల షాపుల్లో స్టెరాయిడ్ క్రీములు కొని నెలల తరబడి రాసుకుని, చర్మం పలచబడి, ఎర్రబారి, ఎండ తగిలితే మంటెత్తే స్థితికి వచ్చినవాళ్ళను చర్మవైద్యులు నేటికీ చూస్తున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని నియమం పెట్టింది ఇందుకే.

ఆ కొలబద్ద ఇప్పుడు చేతిలోకే వచ్చింది. తడకు కూతవేటు దూరంలో శ్రీసిటీ ఉంది. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక వాడలో 2015లో ఫాక్స్‌కాన్ వాళ్ళు షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టారు. ఆ అసెంబ్లీ లైన్ల మీద పనిచేసేవాళ్ళలో అత్యధికులు ఊళ్ళనుంచి వచ్చిన ఆడపిల్లలు. ఈ రకం ఫోన్ల కెమెరాలో బ్యూటీ మోడ్ అని ఒకటి ఉంటుంది. వేలితో గీత మీద చుక్కను కుడికి జరిపితే బుగ్గ నునుపవుతుంది, గడ్డం కోసుకుపోతుంది, కళ్ళు పెద్దవవుతాయి, ఛాయ ఒక మెట్టు తేలుతుంది. ప్రబంధకవి వెయ్యి పద్యాల్లో చేసిన పని అది అరసెకనులో చేస్తుంది. తేడా ఒక్కటి: కవి పక్కవాళ్ళను వర్ణించాడు. ఇక్కడ ఎండలో బస్సు కోసం నిలబడి నల్లబడ్డ పిల్ల తన మొహాన్ని తనే దిద్దుకుని వాట్సాప్‌లో పెడుతుంది. పెళ్ళిసంబంధానికి పంపే ఫోటో కూడా అందులోంచే వెళుతుంది. చూపులకు వచ్చినవాళ్ళు ఫోటోలో వేరేగా ఉంది అంటే తప్పు మళ్ళీ పిల్లదే అవుతుంది.

ఈ చూపులకు ఎదురు చూపు తెలుగులో కొత్తేమీ కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. అందులో రాధ కోరిక తనది, కోపం తనది, ఒళ్ళు తనది. కందుకూరి వీరేశలింగం ఆమె పుస్తకాన్ని చీదరించుకున్నారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ళ వారి చేత దాన్ని మళ్ళీ అచ్చువేయించి, ముందుమాటలో పంతులుగారినే నిలదీసింది. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళు రాసిన వైజయంతీవిలాసం లాంటి శృంగార కావ్యాల మాటేమిటి అన్నది ఆమె ప్రశ్న సారం. మరుసటేడు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో గాని సంకెల తెగలేదు. వరూధిని మీద వందల పద్యాలున్న భాషలో, ఒక ఆడమనిషి తన చూపు గురించి రాస్తే పోలీసులు రావలసి వచ్చింది.

1980ల తరవాత ఆ ప్రశ్న గుంపుగా వచ్చింది. జయప్రభ చూపులు అన్న కవిత రాసింది, పైటను తగలెయ్యాలి అని ఇంకోటి రాసింది. కొండేపూడి నిర్మల లేబర్‌రూమ్‌ని, విమల వంటింటిని కవిత్వంలోకి లాక్కొచ్చారు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో నీలిమేఘాలు కవితా సంకలనం వచ్చేసరికి స్త్రీ శరీరం గురించి మాట్లాడే హక్కు ఎవరిదన్న తగువు పత్రికల్లో రగిలిపోయింది. ఇన్ని శతాబ్దాలు పాలిండ్లనూ పిరుదులనూ పండితులు రాగాలు తీసి చదివారు. కాన్పు నొప్పుల గురించి ఒకావిడ రాయగానే అశ్లీలం గుర్తొచ్చింది. ఓల్గాయే తరవాత విముక్త కథల్లో శూర్పణఖను పట్టుకుంది. ముక్కూ చెవులూ కోయించుకుని అందవికారిగా మిగిలిన ఆడది ఎలా బతికి ఉంటుంది? ఆ కథలో ఆమె ఒక తోట పెంచుతుంది. మొక్కల మధ్య చేతులు మట్టి చేసుకుంటూ అందం మీద తన పాత లెక్కలన్నీ తుడిచేసుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

బహుమతులు ఒక పక్క, బతుకు ఇంకో పక్క. 2013లో తెలుగు మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. అక్కడ కొందరు ఆమెను విదేశీ అని తిట్టారు. ఇక్కడ చాలామంది ఇంకో మాట అనుకున్నారు: ఇంత నల్లని పిల్లకు మన దగ్గర అందాల పోటీలో మొదటి వడపోత కూడా దాటే వీలుండేది కాదని. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదుకే వచ్చాయి. పోటీదారులను పాలంపేట రామప్ప గుడికి తీసుకువెళ్ళారు. అక్కడ స్థానిక స్త్రీలు వాళ్ళ కాళ్ళు కడిగి తుడిచిన దృశ్యాలు బయటికి రాగానే రాష్ట్రమంతా మండిపడింది. పదమూడో శతాబ్దంలో కట్టిన ఆ గుడి చూరు కింద నిలబడ్డ మదనికలు నల్లరాతి స్త్రీలు. తెలుగు నేల మీద స్త్రీ అందానికి అంతకన్నా గొప్ప శిల్పం చూపించడం కష్టం. ఆ గుడి దగ్గరే ఈ తంతు జరిగింది.

కాళ్ళు కడిగేవాళ్ళు ఎవరన్నలాంటి ప్రశ్న దగ్గరే దళిత కవయిత్రులు అంతకు చాలాముందే స్త్రీవాదాన్ని కూడా ఆపి అడిగారు. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత జయప్రభ పైటకు జవాబులా నిలబడుతుంది. పొలంలో, కూలిలో ఉన్న ఆడదానికి కొంగు గుండెల మీద కాపలాదారు కాదు. అది చెమట తుడుచుకునే గుడ్డ, పనిలో తోడుండే చెయ్యి. దాన్ని తగలబెట్టమనడం ఆమెకు ఎక్కలేదు. చల్లపల్లి స్వరూపరాణి తన కవితల పుస్తకానికి మంకెనపువ్వు అని పేరు పెట్టింది. గోగు శ్యామల దళిత స్త్రీల రచనలను నల్లపొద్దు పేరుతో కూర్చింది. సంపెంగలు, కలువలు ఏరుకుంటూ వచ్చిన కవిత్వం ఈ పువ్వు దగ్గర, ఈ రంగు దగ్గర ఎప్పుడూ ఆగలేదు. రెండు వైపుల వాదనలోనూ బలం ఉంది. అయితే సుభద్ర అడిగింది కష్టమైన ప్రశ్న, ఎందుకంటే అందం మీద ఫిర్యాదు చేసుకునే తీరిక కూడా అందరికీ సమానంగా దొరకదు.

తడ తీరంలో చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇరకం దీవికి పడవలెక్కే భీములవారిపాలెం రేవులో చేపల గంప దించే ఆడమనిషి ప్రబంధంలోకి రాలేదు, భావకవిత్వంలోకి రాలేదు. చేపకళ్ళు అన్న ఉపమానం మాత్రం వచ్చింది. ఆమె కూతురి తరం గంప వదిలి శ్రీసిటీ షిఫ్టు బస్సెక్కింది. ఎలక్ట్రానిక్స్ లైను మీద పైటా లేదు, కొంగూ లేదు. ఒంటినిండా కోటు, జుట్టంతా టోపీలో, సగం మొహం మాస్కులో. పని గంటల్లో ఆమె రంగు ఎవరికీ అక్కర్లేదు, వేలి చురుకే కావాలి. సాయంత్రం సంబంధం మాట ఎత్తేసరికి మళ్ళీ రంగే ముందుకొస్తుంది. ఆ కోటు గురించి, అందులో గడిచే ఎనిమిది గంటల గురించి తెలుగు కవిత్వం చెప్పింది ఇప్పటికి చాలా తక్కువ. ఆ లైను మీద పనిచేస్తున్నవాళ్ళలో ఎవరో ఒకరు నోటుపుస్తకం తీస్తే గాని అది పూర్తిగా వచ్చేలా లేదు.